శోధన అంటే షుగరేనా?

అందరికీ వందనాలు. ఒక మాట మీద పెద్దల అభిప్రాయం కావాలి.

మాది గాజువాక. మా చర్చి సంఘంలో నెలకోసారి పురుషుల కూడిక జరుగుతుంది. పోయినసారి అంశం పవిత్రత. వాక్యం అయ్యాక అయ్యగారు ప్రార్థన మనవులు చెప్పమన్నారు. ఒక పెద్దాయన లేచి, "శోధనలో ఉన్నాను, ప్రార్థించండి" అన్నారు. పక్కనున్నాయన ఆత్రంగా, "షుగరు మళ్ళీ పెరిగిందా అన్నయ్యా?" అని అడిగారు. ఈయన కాస్త తటపటాయించి, "ఆఁ, అదే" అని కూర్చున్నారు.

నాకైతే అది షుగరులా అనిపించలేదు. నేను లేచినా అంతే. ఎవరైనా జ్వరమా అని అడిగితే అవునని కూర్చునేవాణ్ణే. రెండో షిఫ్టు దిగి ఇంటికి చేరేసరికి పదకొండవుతుంది. అందరూ నిద్రలో ఉంటారు. వార్తలు చూద్దామని ఫోను తెరుస్తాను. అరగంట తరువాత ఏం చూస్తూ ఉంటానో నాకూ దేవునికీ తెలుసు. దానికి నా దగ్గరున్న మాట 'శోధన' ఒక్కటే. అప్పుకూ అదే మాట, ఆపరేషనుకూ అదే, అబ్బాయికి సీటు రాకపోయినా అదే. ఇంతకీ శోధన అంటే కష్టమా, ఆశా? శుద్ధికీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, మద్దిలపాలెం)

బాబూ, నేను క్రైస్తవుణ్ణి కాను, మాట వరకే చెబుతాను. చుట్టరికం కాదు, తోబుట్టువులే. రెండూ 'శుధ్' ధాతువు నుంచి పుట్టాయి. 'బుధ్' నుంచి బుద్ధి, బోధన వచ్చినట్టే 'శుధ్' నుంచి శుద్ధి, శోధన. మీరు రోజూ అనే 'పరిశుద్ధ'లోనూ ఉన్నది అదే. సంస్కృతంలో శోధనమంటే శుభ్రం చేయడం. మురికి ఎక్కడుందో వెదకనిదే శుభ్రం చేయలేం గనుక వెదకడం, పరీక్షించడం అనే అర్థాలూ కలిశాయి. ఆయుర్వేదంలో పాదరసాన్నీ గంధకాన్నీ మందులో కలిపే ముందు శుద్ధి చేయడాన్ని ఇప్పటికీ శోధన అనే అంటారు. మనసు తప్పుదారికి లాగడం అనే అర్థంలో మాత్రం ఈ మాట మీ బైబిలు భాషలో తప్ప నాకు ఎక్కడా తగలలేదు.

మళ్ళీ నేను

మాస్టారూ, ఇన్నేళ్ళూ ఇవి రెండూ బద్ధ శత్రువులనుకున్నాను! 139వ కీర్తనలో "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని చిన్నప్పటినుంచీ చదువుతున్నాను. అది నా ఫోనును దేవుని చేతికి ఇవ్వడమే అన్నమాట. ఆ వచనం ఇకపై అంత తేలిగ్గా చదవలేను.

జవాబు (వేదాంత కళాశాల విద్యార్థి)

అన్నయ్యా, తప్పు తెలుగు అనువాదకులది కాదు. గ్రీకులో 'పెయిరస్మోస్' అనే ఒక్క మాటే పరీక్షకూ, పాపానికి లాగే ఆశకూ పనిచేస్తుంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చూడండి. 12వ వచనంలో "శోధన సహించువాడు ధన్యుడు". రెండు వచనాలు దాటగానే "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును". మొదటిదాన్ని షుగరు అని సరిపెట్టుకోవచ్చేమో గాని రెండోదాన్ని సరిపెట్టుకోలేం. ఆదికాండము 22లో మాత్రం మనవాళ్ళు "దేవుడు అబ్రాహామును పరిశోధించెను" అన్నారు, శోధించెను అనలేదు. ఒక్క ఉపసర్గతో తేడా చూపించారు.

జవాబు (పరిశోధక విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం)

మత్తయి 4లో సాతానును "ఆ శోధకుడు" అన్నారని ఇప్పుడే చూశాను. ఇక మా విభాగంలో అందరం 'పరి' పోకుండా జాగ్రత్తగా చూసుకోవాలి.

జవాబు (పాతనగరం)

ఈ చర్చ విశాఖలో జరగడం సబబే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికే వచ్చి, ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అప్పటికి క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇద్దరూ కన్నుమూశారు.

జవాబు (జాలరిపేట)

"ఈడ్వబడి మరులు కొల్పబడి" అనే వరుస నాకు తిరగబడినట్టుంది. మేము ముందు ఎర వేస్తాం, తరువాతే ఈడుస్తాం. మా నాన్న చేతితాడు వేసేటప్పుడు తాడును చూపుడు వేలి మీదుగా పోనిచ్చేవారు. చేప ముందు కొరికి చూస్తుంది, వేలికి చిన్న అదురు తెలుస్తుంది. అప్పుడు లాగితే ఎర పోతుంది, చేపా పోతుంది. మింగనివ్వాలి.

జవాబు (వేదాంత కళాశాల విద్యార్థి)

మీరు ఊరికే అన్నారో లేదో గాని అక్కడ గ్రీకు మాట ఎరకు సంబంధించిందే! 'మరులు కొల్పు' అన్నచోట మూలంలో ఉన్నది ఎర చూపించడం. దానికి ముందున్న 'ఈడ్చు' అంటే ఉన్నచోటు నుంచి బయటికి లాగడం. చేపను రాతి సందులోంచి రప్పిస్తే, ఆ తరువాత ఎర. వరుస సరిగ్గానే ఉంది. తెలుగులో గాలం పోయింది, మరులు మిగిలాయి.

మళ్ళీ నేను

రాతి సందు అంటే నాకు నిద్రపోతున్న ఇల్లు గుర్తొచ్చింది. వార్తలు చూద్దామనుకోవడమే నేను సందులోంచి బయటికి రావడం.

జవాబు (పాత్రికేయుడు)

ఇంత తంటా ఎందుకు? 'ప్రలోభం' అనే మంచి మాట ఉందిగా.

మళ్ళీ నేను

ఉంది గాని అది ఎన్నికల మాటైపోయిందండీ. చీరలు పంచారు, డబ్బు పంచారు అని వస్తుంది. ప్రలోభపెట్టేవాడు ఎప్పుడూ బయటివాడే. యాకోబు 'స్వకీయమైన' అన్నాడు. నాకు పంచేవాడు ఎవడూ లేడు, నేనే తెరుస్తున్నాను.

నాకు ఇంకా పదునుగా అనిపించేది మత్తయి 5:28లోని 'మోహపుచూపు'. 'చూచు ప్రతివాడు' అని ఆపలేదు. బీచ్ రోడ్డులో సాయంత్రం నడిచేవాడికి మనుషులు కనపడకుండా ఉండరు. కనపడటం వేరు, చూడటం వేరు, మోహపుచూపుతో చూడటం వేరు. తెలుగులో ఈ మూడింటికీ మూడు మాటలున్నాయి, మన ప్రసంగాల్లో మాత్రం ఒకే గాటన కడతారు. దానితో కుర్రవాళ్ళు కనపడినందుకే కుమిలిపోతారు, మాలాంటివాళ్ళం చూసినా ఏమీ కానట్టు తిరుగుతాం.

జవాబు (వేదాంత కళాశాల విద్యార్థి)

మూలంలో 'మోహించడానికే చూచు' అని ఉద్దేశం చెబుతుంది. తెలుగులో ఆ ఉద్దేశం చూపుకే అంటుకుంది. నాకు తెలుగే నచ్చింది. దానికి సరిగ్గా ఇరవై వచనాల ముందు "హృదయశుద్ధిగలవారు ధన్యులు, వారు దేవుని చూచెదరు" అని ఉంది. అక్కడా చూపు మాటే.

మళ్ళీ నేను

నిన్న కూడిక అయ్యాక ఆ పెద్దాయనతో కలిసి టీ తాగాను. షుగరు సంగతి అడగలేదు. "అన్నయ్యా, రాత్రిళ్ళు నాకు ఫోనుతో ఇబ్బందిగా ఉంది" అన్నాను, శోధన అనకుండా. ఆయన చాలాసేపు గ్లాసును అరచేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నారు. తరువాత, "నీకు ఎన్నింటికి?" అని అడిగారు.