ఒక టెరాబైట్ డిస్కును విభజించాలా, ఉన్నది ఉన్నట్టే ఉంచాలా?

ప్రశ్న (సీతమ్మధార నుంచి)

అందరికీ నమస్కారం. నాన్నగారి కోసం ద్వారకానగర్‌లో కొత్త డెస్క్‌టాప్ కొన్నాము. అందులో ఉన్నది ఒక టెరాబైట్ ఎస్‌ఎస్‌డి (చిప్‌లతో చేసిన డిస్కు) ఒక్కటే. విండోస్ 11 వేసి ఇచ్చారు, తెరిచి చూస్తే సి డ్రైవ్ మాత్రమే 930 జీబీ చిల్లర చూపిస్తోంది. సి, డి, ఇ అని మూడు భాగాలు చేయించుకోకపోతే రేపు విండోస్ పాడైనప్పుడు ఫొటోలన్నీ పోతాయని దుకాణం వారు అంటున్నారు. ఎస్‌ఎస్‌డికి పార్టిషన్లు (ఇలా భాగాలు చేయడం) దండగ అని మా అన్నయ్య వాదన. నాన్నగారు అపార్టుమెంటు సంఘం లెక్కలు ట్యాలీలో రాస్తారు. అవి కాక పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు సుమారు 300 జీబీ ఉన్నాయి. ఇంకా ఏమీ ఎక్కించలేదు కనుక ఇప్పుడే తేల్చుకోవాలనుకుంటున్నాము.

జవాబు (గాజువాక నుంచి)

దుకాణం వారి మాటలో సగమే నిజం. విండోస్ మళ్లీ వేయవలసి వస్తే సి ని మాత్రం ఫార్మాట్ చేసి డి ని ముట్టుకోకుండా వదిలేయవచ్చు, అంతవరకు లాభమే. కానీ డిస్కే చెడిపోతే అన్ని భాగాలూ కలిసే పోతాయి. నడుమ గోడ కట్టినంత మాత్రాన ఒక ఇల్లు రెండిళ్లు కాదు కదా! తిరిగే హార్డ్ డిస్కుల్లో బయటి వలయాల మీద చదవడం, రాయడం వేగంగా సాగేది కాబట్టి విండోస్‌కు ముందు భాగం కేటాయించడంలో అర్థం ఉండేది. ఎస్‌ఎస్‌డిలో తిరిగే పళ్లెమే లేదు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. సి కి 100 జీబీ ఇచ్చి ఊరుకుంటే, అప్‌డేట్లు, డౌన్‌లోడ్లు అన్నీ అక్కడికే చేరి, డి సగం ఖాళీగా ఉండగానే సి ఎర్రగా నిండిపోతుంది. అప్పుడు డి ని కుదిస్తే ఖాళీ చోటు డి కి అవతలి చివర మిగులుతుంది, విండోస్‌తో వచ్చే డిస్క్ మేనేజ్‌మెంట్ ఏమో సి కి కుడివైపున ఆనుకుని ఉన్న ఖాళీనే కలుపుకుంటుంది. అంటే డి లోని సరుకంతా దించి దాన్ని చెరిపేస్తే తప్ప సి పెరగదు. అందుకే నేనైతే ఒకటిగానే ఉంచుతాను.

జవాబు (మధురవాడ నుంచి)

పై వారి లెక్క సరైనదే గానీ, పెద్దవారి కంప్యూటర్ విషయంలో నా అభిప్రాయం వేరు. మరమ్మతుకు ఇచ్చిన చోట అడగకుండానే సి ని ఫార్మాట్ చేసేస్తారు, డి జోలికి మాత్రం సాధారణంగా పోరు. మూడు వద్దు, రెండు చాలు, సి కి 400 జీబీకి పైగా ఉండనివ్వండి. స్టార్ట్ మీద కుడి క్లిక్ చేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి ని ఎంచుకుని, ష్రింక్ వాల్యూమ్ నొక్కండి. అక్కడ లెక్క ఎంబీల్లో అడుగుతుంది కనుక డి కి 500 జీబీ కావాలంటే 512000 అని రాయాలి. అంత ఇవ్వనంటే పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు వంటివి, అంటే విండోస్ తన వాడకానికి పెట్టుకునే కదలని ఫైళ్లు అడ్డుపడుతున్నట్టు. తర్వాత డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ మార్చి డి కి తరలించండి, ట్యాలీ డేటా ఫోల్డరు కూడా అక్కడికే మార్చండి. అలా చేయకపోతే డి ఉన్నా లేనట్టే.

మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసుకోండి. వానాకాలంలో మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి.

జవాబు (అక్కయ్యపాలెం నుంచి)

ఒకటైనా రెండైనా, ఫొటోల రెండో ప్రతి బయటి డిస్కులో ఉండి తీరాలి. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి, ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో 4 జీబీ దాటిన పెళ్లి వీడియో పట్టదు. కాపీ అయ్యాక తీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే, ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజున సి, డి లతో పాటు అదీ తాళం పడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. రెండు భాగాలకే నాన్నగారు ఒప్పుకున్నారు. బయటి డిస్కు వచ్చేదాకా పాత కంప్యూటర్‌లోని ఫొటోలు చెరపము.