బెకెట్ 'నాట్ ఐ': నోరు ఒక్కటే కనబడేలా లైటు ఎలా పెట్టాలి?

నాటకాలకు లైటింగ్ చేసినవాళ్లుంటే సాయం చేయండి. ఇంగ్లండ్‌లో చదువుతున్నాను. ఈ టర్మ్ అంతా మా యూనివర్సిటీలో శామ్యూల్ బెకెట్ నాటకాలు, ప్రసంగాలు. 'నాట్ ఐ' లైటింగ్ నాకు అప్పగించారు. స్టేజీ అంతా చీకటి. దాదాపు 8 అడుగుల ఎత్తున ఒక్క నోరు, ఆగకుండా మాట్లాడుతూ ఉండాలి. ఇంత గొప్ప నాటకం పాడవకూడదని నా ఆరాటం.

1973లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో ఈ పాత్ర వేసిన నటి బిల్లీ వైట్‌లాను కుర్చీలో కూర్చోబెట్టి, తల కదలకుండా బిగించారు. మా నటిని అలా కట్టేయడం నాకిష్టం లేదు.

స్పాట్ లైటు షట్టర్లు (వెలుగును అంచుల్లో కత్తిరించే రేకులు) ఎంత మూసినా ముక్కు మీద, గడ్డం మీద వెలుగు పడుతోంది. నల్లరంగు పూస్తే చెమటకి మెరుస్తోంది. నల్లగుడ్డకు నోటి దగ్గర కన్నం పెట్టి, వెనక నిలబెడితే సరిపోతుందా? చిన్న ఎల్‌ఈడీని దగ్గర నుంచి వాడొచ్చా? తల ఆనించుకోవడానికి మెత్తగా ఏం పెట్టాలి?