నెలకు 18 పౌండ్ల ఖాతాలో వచ్చే ప్రయాణ బీమా, కారు బ్రేక్‌డౌన్ కవర్ మాకు సరిపోతాయా?

ప్రశ్న (రెడింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదేళ్లు. ఇప్పటివరకు రుసుము లేని మామూలు ఉమ్మడి ఖాతాతోనే గడుపుతున్నాం. ఆఫీసులో తోటివాళ్లందరూ నేషన్‌వైడ్ సంస్థవాళ్ల ఫ్లెక్స్‌ప్లస్ ఖాతా తీసుకోమంటున్నారు. నెలకు 18 పౌండ్లకే కుటుంబానికంతటికీ ప్రయాణ బీమా, బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ బ్రేక్‌డౌన్ కవర్ (కారు ఆగిపోతే వచ్చే సహాయం), ఫోన్ల బీమా వస్తాయట. మా వారు మాత్రం మోంజో బ్యాంకువాళ్ల మ్యాక్స్ ఖాతా వైపు మొగ్గుతున్నారు, అది 17 పౌండ్లేనని.

మా సంగతులు ఇవి. జులై ఆఖరున విజయవాడ వెళ్తున్నాం, మా తమ్ముడి పెళ్లి. టికెట్లు కొనేశాం, మొత్తం 38 రోజులు. మా వారు రెండేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నారు. అక్టోబరు సెలవుల్లో కారులో ఫ్రాన్స్ వెళ్లాలని ఉంది. కారు 2013 నాటిది, పోయిన చలికాలంలో రెండుసార్లు ఇంటి ముందే మొరాయించింది. వచ్చే వసంతంలో అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి మూడు నెలలు మా దగ్గర ఉంటారు. ఈ ఖాతా తీసుకుంటే వాళ్లకు కూడా బీమా వర్తిస్తుందా? ఏ ఖాతా మేలో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (లీడ్స్ నుంచి)

అమ్మా, ఏ ఖాతా మేలు అన్న ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లో నన్ను ముందుగా ఆపింది 38 రోజులు.

బ్యాంకు ఖాతాలతో వచ్చే ప్రయాణ బీమాలో ఒక్కో ప్రయాణం ఎన్ని రోజులకు మించకూడదో ఒక హద్దు ఉంటుంది. ఫ్లెక్స్‌ప్లస్‌లో అది 31 రోజులు. వారం రెండు వారాలు స్పెయిన్‌కో గ్రీసుకో వెళ్లివచ్చే కుటుంబాలకు ఆ హద్దు ఎప్పుడూ తగలదు. మన సంగతి వేరు. ఇక్కడి బడులకు వేసవిలో ఆరు వారాలు సెలవులు. టికెట్లకు అంత డబ్బు పోసినప్పుడు ఉన్న సెలవులన్నీ అమ్మమ్మ ఇంట్లో గడపాలని ఎవరికి ఉండదు? అందుకే ఈ నిబంధన అందరికంటే ఎక్కువగా మనకే తగులుతుంది, మనలో చాలామందికి దాని సంగతే తెలియదు.

38 రోజుల ప్రయాణంలో మొదటి 31 రోజులకు బీమా ఉండి, చివరి వారానికి మాత్రమే ఉండదని అనుకుంటారు. కొన్ని పాలసీల్లో అంతే. మరికొన్నింట్లో మాత్రం తిరుగు టికెట్ 31 రోజులు దాటి ఉంటే ఆ ప్రయాణానికి మొదటి రోజు నుంచే బీమా లేనట్టు. రెండో రోజున కాలు విరిగినా పైసా రాదు. పాలసీ పుస్తకంలో ‘ట్రిప్’ అనే మాటకు ఇచ్చిన అర్థం దగ్గరే ఇది తేలుతుంది. లెక్క కూడా ఇంటి నుంచి బయలుదేరిన రోజుతో మొదలై తిరిగి ఇల్లు చేరిన రోజుతో ముగుస్తుంది. విజయవాడలో ఉన్న రోజులను మాత్రమే లెక్కపెట్టుకోకండి.

దారులు లేకపోలేదు. బ్యాంకు బీమాకే అదనపు రుసుము కట్టి ఆ ఒక్క ప్రయాణానికి రోజులు పెంచుకోవచ్చు. లేదా ఆ ప్రయాణానికి మాత్రమే విడిగా సింగిల్ ట్రిప్ పాలసీ కొనుక్కోవచ్చు. విడిగా అమ్మే వార్షిక పాలసీల్లో 45, 60 రోజుల వరకు అనుమతించేవీ దొరుకుతాయి. ఏది చేసినా విమానం ఎక్కకముందే చేయాలి.

ఇక షుగర్. ఖాతా తెరిచిన రోజునే వైద్య వివరాల ఫోను నంబరుకు చేసి మీ వారి మాత్రల సంగతి చెప్పండి. ఏమీ అడగకుండానే బీమా వచ్చేసింది కాబట్టి ఏమీ చెప్పనక్కర్లేదని మనవాళ్లు పొరబడుతున్నారు. కొన్ని జబ్బులను అదనంగా ఏమీ తీసుకోకుండానే చేర్చుకుంటారు, కొన్నింటికి ఏటా కొంత కట్టమంటారు. చేర్చుకున్నట్టు రాతపూర్వకంగా తెప్పించుకుని దాచండి. పాలసీ కొన్న తర్వాత కొత్త జబ్బు బయటపడినా, మాత్ర మారినా మళ్లీ చెప్పాలని చాలా పాలసీల్లో ఉంటుంది.

మీ అత్తమామలకు మాత్రం వర్తించదు. ఈ బీమాలన్నీ బ్రిటన్‌లో స్థిరంగా ఉంటున్నవారికే, ఇక్కడ మొదలై ఇక్కడ ముగిసే ప్రయాణాలకే. వాళ్లు బయలుదేరేముందు ఇండియాలోనే విదేశీ ప్రయాణ వైద్య బీమా తీసుకోవాలి. విజిటర్ వీసా మీద వచ్చినవారిని ఆసుపత్రిలో చేర్చుకుంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తుంది. జీపీని, అంటే ఇంటి దగ్గరి డాక్టరును, కలవడానికీ, అత్యవసర విభాగంలో చూపించుకోవడానికీ డబ్బు అడగరు. వార్డులో చేర్చారంటే లెక్క మొదలవుతుంది. దయచేసి ఈ ఒక్క విషయంలో పొదుపు చూడకండి.

జవాబు (కోవెంట్రీ నుంచి)

పై మాటలన్నీ నిజం. నేను డబ్బు లెక్కా, కారు సంగతీ చెబుతాను.

ఫ్లెక్స్‌ప్లస్ రుసుము 2024 డిసెంబరులో 13 నుంచి 18 పౌండ్లకు పెరిగింది. 13 ఉన్నప్పుడు ఏడాదికి 156. కళ్లు మూసుకుని తీసుకోమనేవాణ్ని. ఇప్పుడు 216. ఉమ్మడి ఖాతాకు ఒకే రుసుము, ఇద్దరికీ పిల్లలకూ కలిపి. మోంజో మ్యాక్స్ 17 పౌండ్లన్నది ఒక్కరికే. భార్యాపిల్లలను కలుపుకోవాలంటే నెలకు మరో 5, అంటే ఏడాదికి 264. మీ వారు ఆ 5 పౌండ్లను చూసుకోలేదేమో. దాంట్లోనూ ప్రయాణ బీమా, ఫోను బీమా, ఆర్‌ఏసీ అనే సంస్థ ఇచ్చే బ్రేక్‌డౌన్ కవర్ ఉన్నాయి.

మేము పోయిన నెలలో విడివిడిగా ధరలు తెప్పించుకున్నాం. నలుగురికి ప్రపంచమంతటికీ వర్తించే వార్షిక ప్రయాణ బీమా 94, ఇంటి దగ్గరా దారిలోనూ పనిచేసే బ్రేక్‌డౌన్ కవర్ 88, మొత్తం 182 పౌండ్లు. ఫోన్ల బీమా మాకు అక్కర్లేదు కాబట్టి విడిగా కొనడమే లాభమైంది. మీ ఇంట్లో ఖరీదైన ఫోన్లు రెండు ఉండి, వాటికి ఇప్పటికే నెలనెలా బీమా కడుతుంటే లెక్క తిరగబడుతుంది. మీకు ఏది అవసరమో దాని ధరనే కూడండి. వాడని సదుపాయాన్ని లాభంగా లెక్కవేయకండి.

కారు విషయంలో మూడు మాటలు తెలుసుకోవాలి. దారిలో ఆగితే వచ్చి బాగుచేయడం ఒకటి. ఇంటి ముందు ఆగితే రావడం ఇంకొకటి, దీన్నే హోమ్ స్టార్ట్ అంటారు. అక్కడ బాగుకాకపోతే మీరు చెప్పిన ఊరికి బండిని చేర్చడం మూడోది, అది రికవరీ. అట్టడుగు స్థాయి కవర్‌లో మొదటిది మాత్రమే ఉంటుంది, అదీ ఇంటికి పావు మైలు అవతలే. మీ బండి ఆగిందే ఇంటి ముందు కదా! హోమ్ స్టార్ట్ లేని కవర్ మీకు అక్కరకు రాదు. ఫ్లెక్స్‌ప్లస్‌లో అది ఉంది. చౌక ఖాతాల్లో దేనిలో ఉందో చూసుకోవాలి.

ఇంకొకటి. బ్యాంకు ఖాతాతో వచ్చే బ్రేక్‌డౌన్ కవర్ సాధారణంగా మనిషికి, బండికి కాదు. ఖాతాదారులు ఏ కారులో ఉన్నా సహాయం వస్తుంది. మీ కారును మీ తమ్ముడో స్నేహితుడో ఒంటరిగా నడుపుతూ ఆగిపోతే రాదు. ఎంఓటీ (బండికి ఏటా చేయించే తనిఖీ) గడువు దాటిన బండికీ, ఆహారం పార్సిళ్లు చేరవేయడానికీ ట్యాక్సీగానూ తిప్పే బండికీ వర్తించదని చాలావాటిలో రాసి ఉంటుంది. సాయంత్రాలు డెలివరీ పని చేసే విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే గమనించండి.

ప్రశ్న (రెడింగ్ నుంచి)

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. 31 రోజుల సంగతి నిజంగా తెలియదు. రెండు సందేహాలు మిగిలాయి. పెళ్లికి నా నగలు తీసుకువెళ్తున్నాను, పెట్టె పోతే బీమా ఇస్తుందా? మా వారు అక్కడ తమ్ముడి బైకు నడుపుతారు, దానికేమైనా ఇబ్బంది ఉందా?

జవాబు (లీడ్స్ నుంచి)

నగల విషయంలో బీమా మీద ఆశ పెట్టుకోకండి. విలువైన వస్తువులకు ఒక్కోదానికి కొన్ని వందల పౌండ్లే హద్దు, అన్నింటికీ కలిపి ఇంకో హద్దు. చెక్ ఇన్ చేసిన పెట్టెలో పెడితే అది కూడా ఇవ్వరు. ఒంటిమీద కాని, చేతిసంచిలో కాని ఉండాలి. మీ ఇంటి బీమాలో ఇంటి బయట ఉన్న వస్తువులకు కూడా వర్తించే భాగం ఉందేమో చూడండి, నగలను పేరుపేరునా రాయించుకునే వీలు అక్కడ ఉండవచ్చు.

బైకుకు సంబంధించి పాలసీ పుస్తకంలో వేరే పేరా ఉంటుంది. చాలా పాలసీలు 125 సీసీ దాటిన బండిని ఒప్పుకోవు. హెల్మెట్ తప్పనిసరి. ఆ బండి నడపడానికి చెల్లే లైసెన్సు తప్పనిసరి. ఇక్కడి కారు లైసెన్సు మాత్రమే ఉన్నవారు ‘చిన్నప్పటి నుంచి నడుపుతున్నాను’ అంటే చెల్లదు. మీ వారి దగ్గర చెల్లుబాటులో ఉన్న ఇండియా లైసెన్సు లేకపోతే ఆటోలో తిరగమనండి.

ఇంకో మాట చెప్పాలి, నాకు బాధ కలిగించినదే అయినా. 2018లో గుంటూరులో మా నాన్నగారికి ఒక్కసారిగా బాగాలేదని ఫోను వచ్చింది. అప్పటికప్పుడు నలుగురికీ టికెట్లు కొని బయలుదేరాం. ప్రయాణ బీమా ఉంది కదా, ఆ ఖర్చు వస్తుందనుకున్నాను. రాదు. ముందే పెట్టుకున్న ప్రయాణం రద్దయినా, మధ్యలో ఆపి బ్రిటన్‌కు తిరిగి రావలసి వచ్చినా ఇచ్చే బీమా ఇది. అయినవారి కోసం ఇక్కడి నుంచి పరుగెత్తే ప్రయాణానికి ఏ ఖాతా బీమా కూడా డబ్బు ఇవ్వదు. దానికి మనమే కొంత పొదుపు విడిగా పెట్టుకోవాలి. అలాగే మీ అమ్మగారికో నాన్నగారికో ఇప్పటికే పెద్ద జబ్బు ఉంటే, అది ముదిరి మీ ప్రయాణం రద్దయినప్పుడు ఇవ్వని పాలసీలు ఉన్నాయి. ఆ పేరా కూడా చదవండి.

జవాబు (గ్లాస్గో నుంచి)

ఫ్రాన్స్ గురించి. అక్కడి మోటర్‌వేల మీద కారు ఆగితే ముందుగా మీ బ్రేక్‌డౌన్ సంస్థకు ఫోను చేసి ఎదురుచూడకండి, వాళ్లు మోటర్‌వే మీదికి రాలేరు. పక్కన నారింజ రంగు ఎస్‌ఓఎస్ ఫోన్లు ఉంటాయి, లేదా 112కు చేయాలి. అక్కడ అనుమతి ఉన్న గ్యారేజీవాళ్లే వచ్చి బండిని బయటికి లాగుతారు, ధర ప్రభుత్వం నిర్ణయించింది. డబ్బు మీరు కట్టి రసీదు తీసుకోవాలి, తర్వాత మీ కవర్ నుంచి రాబట్టుకోవాలి. మాకు లియాన్ దగ్గర ఇలాగే అయింది. పిల్లలతో రోడ్డు పక్కన ముప్పావు గంట తప్పు నంబరుకు ఫోను చేస్తూ నిలబడ్డాం. మెరిసే చొక్కా, హెచ్చరిక త్రికోణం కారులో ఉండడం అక్కడ చట్టం. చొక్కా డిక్కీలో కాకుండా చేతికి అందేలా పెట్టుకోండి.

నలుగురికీ జీహెచ్‌ఐసీ కార్డులు (యూరప్‌లో ప్రభుత్వ వైద్యానికి పనికొచ్చేవి) కూడా తీసుకోండి. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులో ఉచితం. దానికి డబ్బు అడిగే సైట్లు ఎన్‌హెచ్‌ఎస్‌వి కావు. ఫ్రాన్స్‌లో పనికొస్తుంది, ఇండియాలో పనికిరాదు.

జవాబు (బర్మింగ్‌హామ్ నుంచి)

మా అక్కకు హైదరాబాద్‌లో డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. డిశ్చార్జి అయ్యాకే బీమావాళ్లకు చెప్పింది. ముందే ఎందుకు ఫోను చేయలేదని నాలుగు నెలలు తిప్పారు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడే ఇరవై నాలుగు గంటల సహాయ నంబరుకు చేయాలి. రోగి చేయలేకపోతే పక్కనున్నవాళ్లు చేయాలి. ఆ నంబరు, పాలసీ నంబరు విజయవాడలో మీ అమ్మగారి ఫోనులో కూడా పెట్టండి.

అక్క బీపీ మాత్రల సంగతి చెప్పలేదన్న తగవు కూడా వచ్చింది. 2012 నాటి బీమా వెల్లడి చట్టం ప్రకారం, కావాలని దాచినదానికీ అజాగ్రత్తగా మరిచినదానికీ తేడా ఉంది. మరిచిపోయిన సందర్భంలో, చెప్పి ఉంటే ఎక్కువ ప్రీమియం తీసుకుని బీమా ఇచ్చేవాళ్లే అయితే క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టివేయలేరు, ఆ నిష్పత్తిలో తగ్గించి ఇవ్వాలి. కంపెనీ తుది సమాధానం ఇచ్చాక, లేదా ఎనిమిది వారాలు దాటినా ఇవ్వకపోతే, ఇలాంటి తగవులు తీర్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు లేదు. తుది లేఖ తేదీ నుంచి ఆరు నెలలలోపు వెళ్లాలి. అక్క వెళ్లింది, చాలావరకు వచ్చింది.

రెడింగ్ నుంచి

ఈ రోజు చేసినవి రాస్తున్నాను, మాలాంటి వాళ్లకు పనికొస్తుందని. మా ఫోన్లు రెండింటికీ విడిగా కడుతున్నదీ, కారు బీమావాళ్లు బ్రేక్‌డౌన్‌కు అడుగుతున్నదీ కూడితే 216 దాటింది. అందుకని ఉమ్మడి ఖాతాను ఫ్లెక్స్‌ప్లస్‌కు మార్చాం. ఫోను చేసి మా వారి షుగర్ సంగతి చెప్పాం. 38 రోజులకు పొడిగింపు కొన్నాం. ఉత్తరాలు రాగానే ముద్రించి పాస్‌పోర్టులతో పెట్టాం. నగల్లో హారం, వంకీ ఇక్కడే ఉంచి, మిగిలినవి చేతిసంచిలో తీసుకువెళ్తున్నాను. మా పాత ఫోను బీమా ఎప్పుడు ఆపాలి?

జవాబు (కోవెంట్రీ నుంచి)

కొత్త బీమా మొదలైనట్టు ఉత్తరం చేతికి వచ్చాక, రెండు ఫోన్ల వివరాలు అందులో సరిగ్గా ఉన్నాయని చూసుకున్న తర్వాతే ఆపండి. ఎప్పుడైనా ఈ ఖాతా వద్దనుకున్నా ఇదే జాగ్రత్త: ఖాతా మూసిన రోజునే ప్రయాణ బీమా పోతుంది, అప్పటికే కొన్న టికెట్లకు రద్దు రక్షణ కూడా పోతుంది. ముందు కొత్త పాలసీ కొనాలి, తర్వాతే ఖాతా మూయాలి. ఏటా బ్యాంకు నుంచి అర్హత గురించి ఒక లేఖ వస్తుంది, 2013 నుంచి అది పంపాలని నిబంధన. ప్రకటన అనుకుని పారేయకుండా, మీ వయసులూ ఆరోగ్యమూ ప్రయాణాలూ దానితో ఒకసారి సరిచూసుకోండి. తమ్ముడి పెళ్లికి మా అందరి ఆశీస్సులు.