ట్యూరింగ్ చిత్రాన్ని విద్యార్థులకు చూపించే ముందు ఒక సందేహం

పద్మాక్షి_గుట్ట:

హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవానికి ఏటా రామానుజన్ పటానికి పూలమాల, రెండు ఉపన్యాసాలు, ఒక క్విజ్‌తో సరిపెడుతున్నాము. ఈసారి రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలను ఛేదించిన బ్రిటిష్ గణితవేత్త అలాన్ ట్యూరింగ్ జీవితం ఆధారంగా 2014లో వచ్చిన 'ది ఇమిటేషన్ గేమ్' చిత్రాన్ని ప్రొజెక్టరు మీద చూపించాలనుకుని, ముందుగా నేనొక్కదాన్నే చూశాను. కళ్లు చెమర్చిన మాట నిజమే గాని, ఒక సన్నివేశం మింగుడుపడలేదు. ఆ సందేశాలను విప్పడానికి కట్టిన యంత్రాన్ని నెలల తరబడి తిప్పినా ఫలితం రాక, చివరికి బారులో ఒక అమ్మాయి యథాలాపంగా అన్న మాటతో ట్యూరింగ్‌కు ఉపాయం తట్టినట్లు, ఆ రాత్రే జర్మన్లు సందేశాలను రహస్యలిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రం గుట్టు వీడినట్లు చూపించారు. నిజంగా జరిగింది ఇదేనా? పిల్లలు అడిగితే ఏమి చెప్పాలి?

కాజీపేట_జంక్షన్:

మేడమ్‌గారికి నమస్కారం. మీకు ఎక్కడ అనుమానం వచ్చిందో సరిగ్గా అక్కడే చిత్రం గాడి తప్పింది. సందేశంలో ఫలానా మాట ఉండి తీరుతుందని ముందుగా ఊహించి పట్టుకునే ఆధారాన్ని ట్యూరింగ్ పనిచేసిన బ్రిటిష్ గూఢలిపి కేంద్రంలోని వారు 'క్రిబ్' అనేవారు. ట్యూరింగ్ యంత్రం కట్టిన తరువాత ఆ ఊహ తట్టలేదు, ఆ ఊహ మీదనే యంత్రాన్ని కట్టారు. క్రిబ్ ఇవ్వకపోతే దానికి పనే లేదు.

ఎనిగ్మాలో మీట నొక్కిన అక్షరం వేరే ఏ అక్షరంగానైనా మారుతుంది గాని, తిరిగి తానుగా మాత్రం రాదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ లోపాన్ని గ్రాఫు కాగితంతో చూపించేవాడిని. ఒక పట్టీ మీద గడికొక అక్షరం చొప్పున రహస్య సందేశం, దాని కింద మరో పట్టీ మీద జర్మన్‌లో వాతావరణాన్ని సూచించే 'వెటర్' అనే ఆరు అక్షరాల మాట రాయించి, కింది పట్టీని ఒక్కొక్క గడి జరపమనేవాడిని. పైనా కిందా ఒకే అక్షరం ఎదురుపడితే ఆ స్థానం చెల్లదు. ఒక విద్యార్థి లేచి, "ఒకే గోత్రమైతే సంబంధం వదులుకున్నట్లే కదా సార్" అన్నాడు.

ఇక లెక్క. ఎనిగ్మాలో అక్షరాలను మార్చే అయిదు చక్రాల్లో మూడింటిని ఎంచి వరుసగా అమర్చడానికి 60 విధాలు, వాటిని తిప్పి ఉంచడానికి 26 ఘనం, అనగా 17,576 స్థానాలు. ఇంతవరకు ట్యూరింగ్ యంత్రం తిప్పి చూడగలదు. ఎనిగ్మా ముందు భాగంలో అక్షరాలను జతలుగా తారుమారు చేసే ప్లగ్‌బోర్డుకు పది తీగలు బిగించేసరికి మొత్తం 159 పక్కన 18 సున్నాలు పెట్టినంత అవుతుంది. ట్యూరింగ్ వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించే ప్రయత్నమే చేయలేదు. ఒక తీగ ఫలానా అక్షరాలను కలిపిందని అనుకుని, క్రిబ్ ఆధారంగా ముందుకు పోయి, విరోధాభాసం, అనగా పొసగని ఫలితం, వచ్చిన ప్రతి స్థానాన్నీ కొట్టివేసే ఏర్పాటు చేశాడు. √2 కరణీయ సంఖ్య అని మనం నిరూపించే పద్ధతే అక్కడ విద్యుత్తుతో నడిచింది.

ట్యూరింగ్ రూపకల్పనతో మొదటి యంత్రం 1940 మార్చిలోనే వచ్చింది, దాని పేరు విక్టరీ. చిత్రంలో పెట్టిన క్రిస్టఫర్ అనే పేరు 1930లో చనిపోయిన ట్యూరింగ్ చిన్ననాటి స్నేహితుడిది. 1940 ఆగస్టులో ట్యూరింగ్ సహచర గణితవేత్త గోర్డన్ వెల్చ్‌మన్ ఆలోచనతో వికర్ణ ఫలకం అనే అదనపు భాగం చేరాకే యంత్రం పని ఊపందుకుంది. అంతకు చాలా ముందు, 1932లో, పోలండు గణితవేత్త మరియన్ రెయెవ్‌స్కీ ఎనిగ్మా చక్రాల లోపలి తీగల అమరికను సమీకరణాలతో రాబట్టాడు. 1939 జులైలో పోలండువారు తమకు తెలిసినదంతా బ్రిటిష్, ఫ్రెంచివారి చేతిలో పెట్టారు. చిత్రంలో వీరికి దక్కింది ఒకటి రెండు మాటలే.

మానేరు_తీరం:

మీ విద్యార్థినులకు ట్యూరింగ్‌తో కలిసి పనిచేసిన జోన్ క్లార్క్ సంగతి తప్పక చెప్పండి. ఆమె పత్రికలోని పదకేళి పూరించి వచ్చి, పరీక్ష రాసి చేరినట్లు చిత్రంలో ఉంటుంది. వాస్తవానికి కేంబ్రిడ్జిలో ఆమెకు జ్యామితి చెప్పిన వెల్చ్‌మనే పిలిపించాడు. మహిళా గూఢలిపి విశ్లేషకులకు ఆ శ్రేణి పోస్టే లేనందున, జీతం పెంచడానికి ఆమెను భాషావేత్తగా చూపించారు. పోస్టు ఒకటి, జీతం మరో హెడ్డు కింద ఎత్తడం చూసిన నాబోటి గుమాస్తాలకు ఇది వింత కాదు. తరువాత ఒక ఫారంలో 'హోదా: భాషావేత్త, తెలిసిన భాషలు: ఏవీ లేవు' అని రాసి ఆమె ముచ్చటపడిందట.

బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు ఉత్తరం రాసింది కూడా, చిత్రంలో చూపినట్లు, ట్యూరింగ్ ఒక్కడు కాదు. 1941 అక్టోబరు నాటి ఆ ఉత్తరం మీద నలుగురి సంతకాలున్నాయి. చిత్రంలో సోవియట్ గూఢచారి కెయిర్న్‌క్రాస్ ట్యూరింగ్‌ను బెదిరించి నోరు మూయించడం మాత్రం నేను క్షమించలేని కల్పన. ఆ మనిషి ట్యూరింగ్ బృందంలోనే లేడు.

పద్మాక్షి_గుట్ట:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక చిక్కు ఉంది. స్వలింగ సంపర్కం నేరమని ట్యూరింగ్‌ను శిక్షించిన చివరి భాగాన్ని ఆపివేయమని సహోద్యోగులు కొందరు అంటున్నారు.

కాజీపేట_జంక్షన్:

ఆపవద్దమ్మా. 1952లో శిక్ష పడింది, జైలుకు బదులుగా ఏడాది పాటు హార్మోను చికిత్సకు ఒప్పుకున్నాడు, 1954 జూన్ 7న 41 ఏళ్లకే పోయాడు. రాజ క్షమాభిక్ష 2013 డిసెంబరులో గాని రాలేదు. మన సుప్రీంకోర్టు కూడా 2018లో, పరస్పర సమ్మతి ఉన్న వయోజనుల విషయంలో, అది నేరం కాదన్నది. అభ్యంతరపెట్టేవారికి ఆ తీర్పు చూపించండి.

పద్మాక్షి_గుట్ట:

అలాగే సార్. సినిమాకు ముందు అరగంట పట్టీల ఆట పెడుతున్నాను, గ్రాఫు కాగితాలు రేపే తెప్పిస్తాను. గోత్రం పోలిక మాత్రం మీ విద్యార్థిదేనని చెప్పి వాడుకుంటాను.