పాత మోసిన్-నాగంత్‌కి కొత్త స్కోప్ పెట్టాలంటే రంధ్రాలు వేయక తప్పదా?

ప్రశ్న: నా దగ్గర లైసెన్సు మీద ఉన్న మోసిన్-నాగంత్ 91/30 రైఫిల్ ఉంది. 1939 నాటిది. ఈమధ్య ముందు సైట్ మసకబారినట్టు కనిపిస్తోంది, 100 మీటర్ల లక్ష్యం మీద గురి కుదరడం లేదు. స్కోప్ పెడదామంటే తుపాకులు బాగుచేసే ఆయన రిసీవర్‌కి (బోల్ట్ కదిలే లోహపు గూడుకి) రంధ్రాలు వేయాలంటున్నారు. వేయించమంటారా?

జవాబు: దయచేసి వేయించకండి. ఒకసారి డ్రిల్ పడ్డాక ఆ తుపాకీ మళ్ళీ పాత తుపాకీ కాదు. బ్యారెల్, బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే కడ్డీ), మ్యాగజైన్ అడుగుపలక, కట్టె చివరి మడమ పలకల మీద నంబర్లు కలుస్తున్నాయేమో ముందు చూడండి. కలిస్తే దాని విలువే వేరు.

అసలు చిక్కు బోల్ట్ పిడితో. మామూలు 91/30లో పిడి తిన్నగా పక్కకి ఉంటుంది. బోల్ట్ తెరవగానే నిటారుగా పైకి లేస్తుంది. రిసీవర్ మీద తక్కువ ఎత్తులో స్కోప్ ఉంటే పిడి వెళ్ళి దానికే తగులుతుంది. సోవియట్ సైన్యం పీయూ అనే స్కోప్ పెట్టిన స్నైపర్ రైఫిళ్ళకి పొడుగాటి, కిందికి వంచిన పిడి వేసింది అందుకే. స్కోప్‌ని పట్టి ఉంచే మౌంట్‌ని ఎడమ పక్కన బిగించారు. అయినా పైన స్కోప్ అడ్డం కాబట్టి 5 తూటాలని ఒకేసారి నింపే క్లిప్ దిగేది కాదు, ఒక్కొక్కటీ చేత్తో పెట్టుకోవాల్సిందే.

మీకు నప్పేది వెనక సైట్ ఆకు (దూరాన్ని బట్టి ఎత్తు మార్చే పలక) తీసి, ఆ చోటే కూర్చునే మౌంట్. రంధ్రం అక్కర్లేదు, పిడి తగలదు, క్లిప్ కూడా పనిచేస్తుంది. ఆకు కింద స్ప్రింగ్ ఉంటుంది. పిన్ను బయటికి రాగానే ఎగిరిపోతుంది, బొటనవేలితో నొక్కిపట్టండి. తీసిన ఆకు, పిన్ను, స్ప్రింగ్ ఒక కవర్లో వేసి దాచండి. రేపు మనసు మారితే పాత రూపం తిరిగొస్తుంది.

అడిగినవారు: చాలా థాంక్స్ అండి. స్కోప్ ఎలాంటిది తీసుకోవాలి? నా దగ్గర 3-9 రెట్లది ఒకటుంది.

జవాబు: అది పనికిరాదండి. మామూలు స్కోప్ కంటికి సుమారు 8-10 సెంటీమీటర్ల దూరంలో ఉంటేనే పూర్తి బొమ్మ కనిపిస్తుంది. మీ మౌంట్ అంతకంటే చాలా ముందుంటుంది. లాంగ్ ఐ రిలీఫ్ అని అమ్మేవి, అంటే కంటికి దూరంగా ఉన్నా పూర్తి బొమ్మ చూపేవి చూడండి. కొనేముందు ఖాళీ తుపాకీని భుజాన పెట్టుకుని, కంటి నుంచి మౌంట్ దాకా ఇంకొకరిచేత టేపుతో కొలిపించండి. 2 నుంచి 4 రెట్లు చాలు. ఎక్కువైతే స్కోప్‌లో కనిపించే మేర చిన్నదై, లక్ష్యం వెతుక్కోవడమే పనవుతుంది.

ఇంకొకరు: బిగించే దగ్గర ఒక మాట. నా మొదటి మౌంట్ పదో గుండుకే కదిలిపోయింది. స్క్రూ మరల్లో పాత నూనె మిగిలిపోయి లాక్‌టైట్ (స్క్రూ వదులుకాకుండా పట్టే జిగురు) పట్టలేదు. అందుకే స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే నీలం లాక్‌టైట్ ఒక్క చుక్క వేయండి. ఈ తూటా ధక్కా గట్టిగా ఉంటుంది, ఒక చుట్టు వదులున్నా గురి తప్పుతుంది. స్కోప్ సైట్ల కంటే ఎత్తు కాబట్టి చెంప తుపాకీ వెనక కట్టెకి ఆనదు. కట్టె చెక్కకండి, పైన కట్టుకునే తోలు మెత్త సరిపోతుంది.

జవాబు: గురి సరిచేసేటప్పుడు బోల్ట్ పూర్తిగా తీసేసి, తుపాకీని ఆనించి, బ్యారెల్ లోంచి 25 మీటర్ల గుర్తు చూడండి. అది కదలకుండా స్కోప్ గీతని అదే గుర్తు మీదికి తిప్పండి. తర్వాత కాల్చి చూడండి, ఆపై 100 మీటర్లు. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) స్కోప్ అయితే 100 మీటర్ల దగ్గర ఒక క్లిక్ సుమారు 7 మిల్లీమీటర్లు. మూడేసి గుళ్ళు కాల్చి, మధ్యబిందువు చూసి తిప్పండి, ఒక్క గుండుని నమ్మకండి. అంతకంటే ముందు హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ, బ్యారెల్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం) కొలిపించండి. మీ ప్రశ్నలో దాని మాటే లేదు, 1939 తుపాకీకి అది స్కోప్ కంటే అవసరం.