వరల్డ్ కప్ టికెట్లలో ఏళ్లుగా గ్రౌండ్‌కి వచ్చేవాళ్లకి వాటా ఉండాలా, వద్దా?

ఉప్పల్_స్టాండ్:
2023 వన్డే వరల్డ్ కప్‌కి అందరికంటే ఒక రోజు ముందు టికెట్లు ఎవరికి అమ్మారు? మాస్టర్‌కార్డ్ ఉన్నవాళ్లకి. స్పాన్సర్ కస్టమర్లకి ముందు అమ్మడం వీలైనప్పుడు, ఎండలో కూర్చుని చిన్నాచితకా మ్యాచ్‌లన్నీ చూసే అభిమానికి ముందు అమ్మడం ఎందుకు కుదరదు? ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల క్లబ్‌లో, వెళ్లిన మ్యాచ్‌లను బట్టి క్యాప్స్ అనే పాయింట్లు లెక్కేస్తారు, ఎక్కువ ఉన్నవాళ్లకే పెద్ద టోర్నీ టికెట్లలో ప్రాధాన్యం. మన దగ్గర కూడా ప్రతి స్టేడియంలో 20 శాతం సీట్లు అలా పక్కన పెట్టాలని నా వాదన.

సిక్కోలు_కుర్రోడు:
నేను ఒప్పుకోను అన్నా. ఆ వరల్డ్ కప్‌లో వైజాగ్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఇవ్వలేదు. ఉప్పల్‌కి మూడు ఇచ్చారు కానీ వాటిలో ఇండియా ఆడిందే లేదు. పలాస నుంచో ఇచ్ఛాపురం నుంచో స్టేడియానికి రావాలంటే రాత్రంతా ప్రయాణం, మర్నాడు కూలీ పోతుంది. వాడు గ్రౌండ్‌కి రాలేదు కాబట్టి అభిమాని కాదంటారా? పైగా రాష్ట్ర జట్లు ఆడే రంజీ మ్యాచ్‌లకి చాలా చోట్ల టికెట్టే ఉండదు, ఊరికే లోపలికి వదులుతారు, ఎవరు ఎన్నిసార్లు వచ్చారో లెక్క ఎక్కడుంది? లాటరీ పెట్టండి. పేరు నమోదు చేసుకోవడానికి నెల రోజులు గడువిచ్చి డ్రా తీస్తే, నెట్ స్పీడున్నవాడిదే టికెట్ అన్న గొడవ ఉండదు. 2019 వరల్డ్ కప్‌కి ఇంగ్లండ్‌లో అలాగే బ్యాలెట్, అంటే లాటరీ పెట్టారు. కాకపోతే అక్కడ షెడ్యూల్ ఏడాది ముందే ఇచ్చారు, మనకి వంద రోజుల ముందు ఇచ్చి ఆగస్టులో మళ్లీ మార్చారు. ముందు అది సరిచేయాలి.

క్లబ్_క్రికెటర్:
మీరిద్దరూ మిగిలినదాని పంపకం గురించి కొట్లాడుకుంటున్నారు. 2011 వరల్డ్ కప్ ఫైనల్‌కి ముంబై వాంఖడే స్టేడియంలో సుమారు 33 వేల సీట్లుంటే జనానికి అమ్మకానికి పెట్టింది దాదాపు 4 వేలు. మిగతావి క్లబ్బులకి, ఐసీసీకి, స్పాన్సర్లకి, కాంప్లిమెంటరీ (ఉచిత) పాసులకి పోయాయి. ఆ 4 వేలలో 20 శాతమంటే 800, దాంతో ఎవరికి న్యాయం చేస్తారు? 2022 సెప్టెంబర్‌లో జింఖానా గ్రౌండ్‌లో ఇండియా, ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి జనం ఆస్పత్రి పాలయ్యారు. అమ్మకానికి ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియకపోతే టెన్షన్‌తో ఎగబడకుండా ఎలా ఉంటారు? ఏ కోటాకి ఎన్ని ఇచ్చారో అమ్మకం మొదలయ్యే ముందే వెబ్‌సైట్లో పెట్టాలి. నాకు తెలిసి ఇదే అసలు డిమాండ్ అవ్వాలి.

ఉప్పల్_స్టాండ్:
కోటాల లెక్క బయటపెట్టాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం, దాన్ని నా వాదనకి ముందు పెట్టండి. సిక్కోలు తమ్ముడూ, దూరం వాళ్ల సంగతి కూడా సబబే, అందుకే 20 శాతం అన్నాను, 80 శాతం లాటరీకే వదలొచ్చు. రంజీకి గేటు దగ్గర ఫోన్ నంబర్ నమోదు చేస్తే లెక్క వచ్చేస్తుంది. కానీ పూర్తిగా లాటరీ అంటే మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే తిరిగి అమ్ముకుందామని చూసేవాడు ఇరవై పేర్లతో నమోదు చేస్తాడు. బ్లాక్‌లో కొనేది మళ్లీ మనమే.

లీడ్స్_తెలుగు:
దానికి మందు అధికారిక రీసేల్. 2019లో ఇండియా ఫైనల్‌కి వస్తుందని కొన్న మనవాళ్ల దగ్గర బోలెడు టికెట్లు ఉండిపోతే, న్యూజిలాండ్ ఆటగాడు జిమ్మీ నీషమ్ ట్విట్టర్‌లో, రాలేకపోతే అధికారిక రీసేల్‌లో పెట్టేయండని మనవాళ్లని అడిగాడు. టికెట్ మీద పేరుండాలి, కొన్న ధరకే వెనక్కి ఇవ్వాలి. అప్పుడు ఇరవై పేర్లు పెట్టినా లాభముండదు.

సిక్కోలు_కుర్రోడు:
పేరు, కొన్న ధరకే రీసేల్, రెండూ సరే. 20 శాతం మాట ఇప్పటికీ మింగుడుపడట్లేదు, కానీ ఒకటి ఒప్పుకుంటా. 2025 మహిళల వరల్డ్ కప్‌లో వంద రూపాయల నుంచి టికెట్లు పెడితే వైజాగ్‌లో కుటుంబాలతో వచ్చారు. నవీ ముంబైలో ఫైనల్‌కి ఆ టికెట్ నంబర్ చూపించినవాళ్లకి ముందు అవకాశం ఇచ్చి ఉంటే నేను అడ్డు చెప్పేవాణ్ణి కాదు. మరి మీ 20 శాతంలో వేరే ఊరి స్టేడియంలో చూసినవాళ్లు కూడా ఉంటారా, లేక ఆ ఊరివాళ్లకేనా? అది చెప్పండి ముందు.