పాడిల్‌తో మోర్స్‌లో 'కె' కొడితే 'సి' వెళ్తోంది: గ్యాప్ తప్పా, కీయర్ తప్పా?

కొత్తమీట:
హామ్ రేడియోలో మోర్స్ కొట్టడం ఇన్నాళ్లూ స్ట్రెయిట్ కీ (చేత్తో నొక్కే ఒంటి మీట) మీదే నడిచింది. ఇప్పుడు రెండు మీటల ఐయాంబిక్ పాడిల్ తగిలించాను (ఒక మీట డిట్‌కి, అంటే చుక్కకి; రెండోది డాహ్‌కి, అంటే గీతకి; రెండూ కలిపి నొక్కితే మార్చి మార్చి వస్తాయి). కీయర్ (మీట నొక్కితే డిట్లు, డాహ్‌లు తనే కొలిచి పంపే సర్క్యూట్) రిగ్‌లో, అంటే రేడియో సెట్‌లో ఉన్నదే, వేగం 18 డబ్ల్యుపీఎం (నిమిషానికి 18 మాటలు). తిప్పలు ఇవీ:

1. 'కె' కొడితే చాలాసార్లు 'సి' అవుతోంది, 'ఎ' కొడితే 'ఆర్' అవుతోంది. అప్పుడప్పుడు 'ఇ' కాస్తా 'ఐ' అయిపోతోంది.
2. పాత స్ట్రెయిట్ కీని అదే జాక్‌లో పెడితే, చెయ్యి వెయ్యకముందే డాహ్‌లు ఆగకుండా పోతున్నాయి.
3. 21 మెగాహెర్ట్జ్‌లో 100 వాట్లు పెడితే మధ్యమధ్యలో చెత్త డిట్లు దూరుతున్నాయి. 7లో ఆ గొడవ లేదు.

రెండు రోజులుగా గ్యాప్ (కాంటాక్టుల మధ్య సందు) స్క్రూలు తిప్పుతూనే ఉన్నాను, మార్పేమీ లేదు. కాంటాక్టులను గరుకు కాగితంతో ఒకసారి రుద్దమంటారా? ఇదే పాడిల్‌ని ఒక పాత వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) ట్రాన్స్‌మిటర్‌కి కూడా వాడుకోవాలని ఉంది, దాన్ని ఎలా కలపాలి?

సైడ్‌టోన్:
ముందు స్క్రూలు వదిలేయండి. ఏ అక్షరం ఏ అక్షరంగా మారుతోందో చూస్తే జబ్బు ఎక్కడుందో అదే చెబుతుంది. 'కె' 'సి' కావడం, 'ఎ' 'ఆర్' కావడం గ్యాప్ తప్పు కానే కాదు. మీ 'ఎన్' కూడా 'కె' అవుతోందేమో గమనించండి. అవుతుంటే ఇక అనుమానమే లేదు, కీయర్ మోడ్ బి లో ఉంది, మీ వేళ్లు మోడ్ ఎ లో ఉన్నాయి.

తేడా ఇంతే. రెండు మీటలూ కలిపి నొక్కి వదిలేశారనుకోండి. మోడ్ ఎ అయితే అప్పుడు పోతున్న డిట్టో డాహో పూర్తిచేసి ఆగిపోతుంది. మోడ్ బి అయితే అది పూర్తయ్యాక, దానికి ఎదురుది ఇంకొకటి తనంతట తనే జోడిస్తుంది. మీరు 'కె' కి డాహ్-డిట్-డాహ్ విని, మూడోది మోగుతుండగా వేళ్లు తీస్తున్నారు. బి మోడ్ దాని వెనకాల ఒక డిట్ వేసి 'సి' చేస్తోంది.

మెనూలో మోడ్ ఎ పెట్టండి, ఆ మూడు అక్షరాలూ ఆ క్షణమే దారికొస్తాయి. బి లోనే ఉండాలనుకుంటే వేళ్లు ఒక మెట్టు ముందే తీయడం అలవాటు చేసుకోవాలి. 'కె' అయితే మధ్య డిట్ మోగుతున్నప్పుడే. ఏదో ఒకటి పట్టుకోండి గానీ, వారానికోసారి మార్చకండి. చేతికి పట్టిన లయ చెడుతుంది.

'ఇ' 'ఐ' కావడం వేరే కథ. డిట్ నిడివి మిల్లీసెకన్లలో 1200ని వేగంతో భాగిస్తే వస్తుంది. 18కి 67 మి.సె., దాని తర్వాత ఖాళీ మరో 67. అంటే నొక్కిన 133 మి.సె. తర్వాత కూడా బొటనవేలు అక్కడే ఉంటే రెండో డిట్ బయల్దేరుతుంది. స్ట్రెయిట్ కీ నుంచి వచ్చిన చెయ్యి మీటని అలా పట్టుకునే ఉంటుంది. వేగం 10కి దించి కొట్టి చూడండి. అక్కడ తప్పు పోతే అది వేలిదే. 10లో కూడా ఒక్క తట్టుకు రెండు డిట్లు వస్తుంటే మాత్రం కాంటాక్ట్ ఎగురుతోంది, అప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి.

ఇక ఆగని డాహ్‌ల సంగతి. స్ట్రెయిట్ కీకి మోనో ప్లగ్ ఉండి ఉంటుంది. పాడిల్ జాక్‌లో కొన డిట్, మధ్య రింగ్ డాహ్, వెనక స్లీవ్ కామన్. మోనో ప్లగ్‌కి రింగ్ ఉండదు, స్లీవే ముందుకొచ్చి జాక్‌లోని డాహ్ ముల్లుని కామన్‌కి కలిపేస్తుంది. డాహ్ మీట పట్టుకుని వదలనట్టే కీయర్‌కి కనిపిస్తుంది. స్టీరియో ప్లగ్ వేసి, రింగ్‌కి ఏమీ కలపకుండా కొన, స్లీవ్ మాత్రమే వాడితే ఆ గొడవ పోతుంది. అయితే ప్లగ్ మార్చినా మెనూలో 'స్ట్రెయిట్ కీ' ఎంచుకోక తప్పదు. లేకపోతే కీ నొక్కినంతసేపూ డిట్ల వరస పోతుంది. ప్లగ్ మార్చేటప్పుడు బ్రేక్-ఇన్ (కీ నొక్కగానే ట్రాన్స్‌మిట్‌కి మారే ఏర్పాటు) ఆపేసి ఉంచండి, సైడ్‌టోన్ (రిగ్ మనకి వినిపించే బీప్) మోగుతుంది గానీ గాలిలోకి ఏమీ పోదు.

ఇత్తడిమీట:
గరుకు కాగితం జోలికి పోకండి! వెండి పూత పల్చగా ఉంటుంది. నాలుగు రుద్దులకు లేచిపోయి కింది ఇత్తడి బయటపడుతుంది, పైగా గీతల్లో మురికి చేరుతుంది. మామూలు తెల్లకాగితం సన్నని ముక్కని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి, మీటని మెల్లగా నొక్కిపట్టి ముక్కని బయటికి లాగండి. నల్లని చార కాగితం మీదికి వస్తుంది. చార రాకుండా పోయేదాకా కొత్త ముక్కలతో లాగాలి, చివర ఒకసారి పొడి ముక్కతో. తర్వాత మల్టీమీటర్ పెట్టి, మీట తేలిగ్గా తాకించి చూడండి. ఓమ్ లోపు నిలకడగా ఉండాలి. అంకె గెంతుతుంటే ఇంకా మురికి ఉన్నట్టు, లేదా సన్న తీగ టంకం దగ్గర విడిపోయి ఉన్నట్టు.

సర్దుబాటుకి ఒక వరస ఉంది. అది తప్పితే రోజంతా తిప్పుతూనే ఉంటారు. ముందు బేరింగ్: మీట కొసని పైకీ కిందికీ కదిపితే ఊగకూడదు, వదిలితే స్ప్రింగ్ బలంతో తనంతట తాను వెనక్కి రావాలి. బిగించి, పట్టేసినట్టు అనిపించగానే పిసరంత వెనక్కి తిప్పి లాక్‌నట్ వేయండి. తర్వాత కాంటాక్టులు ఎదురెదురుగా మధ్యకి తగులుతున్నాయా చూడాలి. ఆ తర్వాతే గ్యాప్. 80 జీఎస్ఎమ్ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ., ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) లేకపోతే అదే కొలత. ఒక కాగితం జారుతూ, రెండు పట్టేసేలా పెట్టండి. స్ప్రింగ్ అన్నిటికన్నా చివర.

అందరూ బోల్తా పడేది లాక్‌నట్ దగ్గర. గ్యాప్ చక్కగా కుదురుతుంది, నట్ బిగించగానే స్క్రూ దానితోపాటు తిరిగి గ్యాప్ మూసుకుపోతుంది. ఒక చేత్తో స్క్రూ తలని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో నట్ బిగించండి. అయ్యాక కాగితంతో మళ్లీ కొలవండి.

పాడిల్ బల్ల మీద జారుతున్నా డిట్లు తేడాగానే పడతాయి. 100 × 75 × 12 మి.మీ. ఉక్కు పలక దాదాపు 700 గ్రాములు తూగుతుంది. పాడిల్‌ని దానికి బిగించి, అడుగున రబ్బరు షీటు అంటిస్తే కదలదు.

వాల్వ్‌పెట్టె:
0.1 మి.మీ. గ్యాప్ కొత్త చేతికి మరీ దగ్గరండీ. వేలు ఆనించగానే తగులుతుంది, 'ఇ' 'ఐ' గోల ఇంకా పెరుగుతుంది. 0.2 దగ్గర మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక తగ్గించుకోవడం మేలు. స్ట్రెయిట్ కీకైతే 0.5 దాకా ఉన్నా తప్పులేదు.

వాల్వ్ ట్రాన్స్‌మిటర్‌కి పాడిల్ నేరుగా కలిపేది కాదు, పాడిల్ కీయర్‌కి, కీయర్ అవుట్‌పుట్ ట్రాన్స్‌మిటర్‌కి. ఆ అవుట్‌పుట్ కలిపేముందు ట్రాన్స్‌మిటర్ కీ జాక్ మీద ఎన్ని వోల్టులున్నాయో, ప్లస్సా మైనస్సా కొలవాలి. మీటర్ పెద్ద రేంజిలో పెట్టి, నల్ల ప్రోబ్‌ని క్లిప్పుతో చాసిస్‌కి తగిలించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని కొలవండి. గ్రిడ్-బ్లాక్ కీయింగ్ (వాల్వ్ గ్రిడ్‌కి మైనస్ వోల్టేజి ఇచ్చి ఆపి ఉంచే పద్ధతి) అయితే మైనస్ వస్తుంది, వంద దాటినా ఆశ్చర్యం లేదు, కరెంటు మాత్రం కొద్ది మిల్లీఆంపులే. క్యాథోడ్ కీయింగ్ (వాల్వ్ క్యాథోడ్ దారినే తెంపి కలిపే పద్ధతి) అయితే ప్లస్, అక్కడ కీ గుండా వాల్వ్ కరెంటు మొత్తం పోతుంది.

చాలా కీయర్ల అవుట్‌పుట్‌లో 2ఎన్2222ఎ లాంటి ట్రాన్సిస్టర్ ఉంటుంది. అది 40 వోల్టుల దాకా, అదీ ప్లస్ వైపే. మైనస్ కలిపితే కీ నొక్కకుండానే కరెంటు పారుతుంది, లేదా ట్రాన్సిస్టరే పోతుంది. మధ్యలో 400 వోల్టుల ఫొటోమాస్ రిలే (లోపలి ఎల్ఈడీ వెలుగుతో కలిసే ఎలక్ట్రానిక్ స్విచ్) పెడితే ప్లస్ మైనస్ బెంగ ఉండదు. 5 వోల్టుల నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా దాని ఎల్ఈడీకి, అక్కడి నుంచి కీయర్ అవుట్‌పుట్‌కి. ఎల్ఈడీలో 8 మి.ఆం. చుట్టూ పారుతుంది.

ఆ ట్రాన్స్‌మిటర్‌కి స్ట్రెయిట్ కీ వాడితే ఇంకో జాగ్రత్త. చాలా కీలలో మీట, ఫ్రేమ్ ఒకే వైపు కలిసి ఉంటాయి. ఆ వైపు చాసిస్‌కే పోవాలి. తిరగబడితే మీ వేళ్ల కింద ఉన్న ఇత్తడంతా హై వోల్టేజే.

ఫెర్రైట్‌పూస:
మూడోది మిగిలింది. పవర్ 5 వాట్లకు దించి 21లో కొట్టండి. చెత్త డిట్లు మాయమైతే ఆర్‌ఎఫ్ (ట్రాన్స్‌మిటర్ పంపే రేడియో శక్తి) పాడిల్ తీగలోకి ఎక్కుతోంది. డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) మీద 100 వాట్లు పెట్టినా రాకపోతే, అది యాంటెనా వైపు నుంచి వస్తోందని తేలుతుంది.

తీగ షీల్డ్ ఉన్నదై, వీలైనంత పొట్టిగా ఉండాలి. పాడిల్ టెర్మినల్స్ దగ్గర డిట్ నుంచి కామన్‌కి ఒకటి, డాహ్ నుంచి కామన్‌కి ఒకటి 1 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు (మీద 102 అని ఉంటుంది), కాళ్లు పొట్టిగా కత్తిరించి. రిగ్ వైపు తీగని మిక్స్ 31 రకం ఫెర్రైట్ (ఆర్‌ఎఫ్‌ని అడ్డుకునే అయస్కాంత పదార్థం) ఉంగరం గుండా ఐదారు చుట్లు తిప్పండి. ఒక్కసారి దూర్చి వదిలేస్తే పెద్దగా ఫలితం ఉండదు, చుట్ల వర్గాన్ని బట్టి అడ్డు పెరుగుతుంది.

ఇవన్నీ లక్షణాన్ని అణుస్తాయంతే. అసలు మూలం కోక్స్ (యాంటెనా కేబుల్) బయటి పొర మీద రేడియో గదిలోకి దిగే కరెంటు. యాంటెనా ఫీడ్‌పాయింట్ (కేబుల్ యాంటెనాకి కలిసే చోటు) దగ్గర ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ కోర్ మీద ఆర్‌జీ-58 కోక్స్ పది పన్నెండు చుట్లు వేసి చోక్ పెట్టండి.

కొత్తమీట:
మోడ్ ఎ పెట్టగానే 'కె', 'ఎ', 'ఎన్' మూడూ దారికొచ్చాయి. 10 డబ్ల్యుపీఎంలో 'ఇ' శుభ్రంగా వస్తోంది, అంటే వేలే. కెపాసిటర్లు వేశాక 21లో 60 వాట్ల దాకా గోల లేదు, 100కి ఇంకా ఒకటి రెండు దూరుతున్నాయి. వాల్వ్ సెట్ జాక్ మీద మైనస్ 72 వోల్టులు.

ఫెర్రైట్‌పూస:
అయితే చోక్ వేయాల్సిందే. అప్పటిదాకా 60 దగ్గరే ఉండండి.

వాల్వ్‌పెట్టె:
మైనస్ 72 అంటే గ్రిడ్-బ్లాకే, మంచి వార్త. ఫొటోమాస్ చాలు. ముందు కీయర్ లేకుండా, రిలే ఎల్ఈడీకి 5 వోల్టులు చేత్తో ఇచ్చి డమ్మీ లోడ్ మీద ట్రాన్స్‌మిటర్ కీ అవుతోందో లేదో చూడండి. 73 (హామ్‌ల వీడ్కోలు శుభాకాంక్షలు).